గోడ గొంతుతో చదివినప్పుడు

ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. పొంగడానికి ముందు పాలు ఒక్క క్షణం చప్పుడు మానేసినట్టు. ఆ క్షణం తెలిసినవాళ్ళు కుర్చీలు కాస్త వెనక్కి జరుపుకుంటారు. ఆ రోజు మీటింగ్ గదిలోనూ జరుపుకున్నారు. డైరెక్టరు ఒక్కడే జరుపుకోలేదు. ఆయన కొత్తగా వచ్చినవాడు.

తెర మీద రెండు పేజీలు పక్కపక్కన వెలుగుతున్నాయి. ఆ కంపెనీ లిఫ్టులను నడిపే యంత్రాలు తయారుచేస్తుంది. లిఫ్టు ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి, తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి అని యంత్రానికి చెప్పడానికి వాళ్ళకు సొంతంగా ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఎడమ పేజీలో ఉన్నది ఆ భాషే. దాన్ని తయారుచేసింది ఆమె. కుడి పేజీలో ఉన్నది దాన్ని పక్కకు నెట్టి కూర్చోబోతున్న కొత్త రూపం. దాన్ని తయారుచేసింది ఆమె మేనకోడలు, సొంత అన్నయ్య కూతురు. బల్లకు అవతల చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

ఆమె భాషలో అన్నీ మాటలే. షరతు చెప్పాక ‘ఐతే’. అది కుదరనప్పుడు ఏం చెయ్యాలో చెప్పడానికి ‘లేకుంటే’. ఆ షరతు కింద చెప్పాల్సిందంతా చెప్పేశాక ‘అంతే’. మేనకోడలు ఆఫీసులో ఒకసారి నోరుజారి అత్తా అని పిలిచిన నాటి నుంచి ఆమెకు వెనకాల ‘అంతే అత్త’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఎదురుగా మాత్రం అందరికీ మేడమే.

కొత్త రూపంలో ఆ మాటల్లేవు. ‘ఐతే’ ఉన్నచోట ఒక ప్రశ్నార్థకం. ‘అంతే’ ఉన్నచోట ఏమీ లేదు. షరతు లోపలి ఆజ్ఞలను పేజీలో కొంచెం కుడివైపుకు జరిపి రాస్తారు. షరతు అయిపోతే మళ్ళీ ఎడమ అంచుకు వచ్చేస్తారు. ఏది దేని కిందిదో ఖాళీయే చెప్పాలి.

“చూడండి, కుడివైపు ఎంత గాలి ఆడుతోందో,” అన్నాడు డైరెక్టరు. “ఎడమవైపుది, ఏమనుకోకండి, పాతకాలం వీలునామాలా ఉంది.”

“అది మీరు కళ్ళతో చూసి అంటున్నారు,” అందామె. గొంతు అప్పటికే తగ్గింది. “కుడివైపుది పైకి చదవండి. వింటాం.”

ఆయన నవ్వి చదివాడు. “బ్రేకు వదులు. తలుపు మూసి ఉందా. బరువు హద్దులో ఉందా. పైకి. బ్రేకు పట్టు.”

“ఆ చివరి బ్రేకు ఎప్పుడు పట్టాలి? తలుపు మూసి ఉన్నప్పుడేనా, ఎప్పుడైనానా?”

“ఎప్పుడైనా. ఎడమ అంచుకు వచ్చేసింది కదా, కనిపిస్తూనే ఉంది.”

“కనిపిస్తోంది. వినిపించిందా?”

డైరెక్టరు కన్నా ముందు మేనకోడలు అందుకుంది. “మేడమ్, మన మెషిన్ రూముల్లో ఉన్న తెర అరచేయంత ఉంటుంది. మీ భాషలో రాస్తే అందులో సగం ‘అంతే’లే. షరతు ఎక్కడ మొదలైందో తెలియాలంటే వేలు అరిగేదాకా పైకి జరుపుకోవాలి. నేను ఎండాకాలమంతా సైట్లలో తిరిగాను. జరుపుకుంటూ జరుపుకుంటూ ఎక్కడున్నారో మరిచిపోతున్నారు. మీరు ఆ తెర ముందు కూర్చుని ఎన్నాళ్ళయింది?”

మేనకోడలు మర్యాదకు అనే మేడమ్ వేరు, కోపంలో అనే మేడమ్ వేరు. ఇది రెండోదని ఆమెకు తెలుసు. ఆ పిల్లకు అక్షరాలు దిద్దించింది తనే, మొదటి ప్రోగ్రాం రాయించింది తనే, ఈ ఉద్యోగానికి దరఖాస్తు చెయ్యమని పోరు పెట్టింది కూడా తనే. ఇప్పుడు అదే వేలు తన కంట్లోకి వస్తోంది.

“తెర చిన్నదైతే తెర మార్చండి. మాటల గొంతెందుకు నులుముతారు,” అని లేచి వెళ్ళిపోయింది.

ఆ కోపం ఒట్టి పట్టుదలైతే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. కానీ ఆ భాష వెనక ఒక చీకటి ఉంది. లిఫ్టు ఎక్కిదిగే నిలువు బావిలాంటి షాఫ్టులోని చీకటి.

ఆ కంపెనీలో మొదటి నుంచీ ఒక పద్ధతి ఉంది. కొత్త కోడ్‌ను ఏ లిఫ్టుకైనా ఎక్కించే ముందు మనుషులు దాన్ని చేత్తో నడిపి చూస్తారు. పైన మెషిన్ రూములో ఒకరు కూర్చుని తెర మీది ఆజ్ఞలను వాకీటాకీలో ఒక్కొక్కటిగా చదువుతారు. షాఫ్టులో, లిఫ్టు క్యాబిన్ పైకప్పు మీద ఒకరు నిలబడి, విన్న మాటను తిరిగి పలికి, యంత్రం ఏం చేస్తుందో దాన్ని తమ చేతిలోని బటన్లతో చేస్తారు. దాన్ని వాళ్ళు ఒప్పజెప్పడం అంటారు. మనిషి విని ఒప్పజెప్పనిదాన్ని యంత్రానికి ఇవ్వకూడదన్నది అక్కడి నియమం. పైకప్పు మీద ఉన్నవాడికి కాగితం చూసే వీలుండదు. ఒక చేయి బటన్ల పెట్టె మీద, ఇంకో చేయి కడ్డీ మీద. వాకీటాకీ ఛాతీ మీద వేలాడుతూ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. చుట్టూ నూనె పట్టిన తాళ్ళు, తల మీద ఎక్కడో ఒక చిన్న దీపం. అతనికున్నది చెవి ఒక్కటే.

ఆమె ఆ కంపెనీలో చేరింది సూచనల పుస్తకాలు రాయడానికి. అప్పట్లో కోడ్ అంటే అంకెల గుంపు. ఒకసారి చదవాల్సినవాడు రాకపోతే ఆమెను మెషిన్ రూములో కూర్చోబెట్టారు. ఆమె అంకెలు చదివింది. కింద చీకట్లోంచి ఎవరో మెకానిక్, ప్రతి అంకెనూ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించినంత జాగ్రత్తగా తిరిగి పలికాడు. మనిషిని చూడకముందే ఆమెకు ఆ గొంతు తెలుసు. కాస్త బొంగురు, తొందర లేని గొంతు. మధ్యాహ్నానికి పైకి వచ్చి, చేతులకు అంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, “మీరు చదువుతుంటే అంకెలకు కూడా అర్థం ఉన్నట్టు అనిపించింది,” అన్నాడు. ఆ మెకానిక్కే ఆమె భర్త.

భాష ఆ తర్వాత పుట్టింది. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆమె చదివేది, అతను కళ్ళు మూసుకుని ఒప్పజెప్పేవాడు. ఏ మాట చీకట్లో తడబడుతుందో, ఏది నిలబడుతుందో అలా తేల్చుకుంది. ‘అంతే’ దొరికిన రోజు ఇద్దరూ ఎంతో సంబరపడ్డారు. చెప్పాల్సింది అయిపోయిందని ఇంతకన్నా హాయిగా చెప్పే మాట ఉంటుందా అనుకున్నారు.

ఇప్పుడా మాటను వీలునామా అంటున్నారు.

సాయంత్రం అతను ఇంటికొచ్చి బూట్లు విప్పుతుండగానే ఆమె మొదలుపెట్టింది. మీటింగంతా పొల్లుపోకుండా చెప్పి, “నువ్వు చెప్పు. షాఫ్టులోకి దిగేది నువ్వు. ఏది కావాలి నీకు?” అంది.

అతను ఒక బూటు విప్పి, రెండోదాని ముడితో అవస్థపడుతూ, “నాకు ఏదైనా ఒకటే,” అన్నాడు.

“ఒకటే ఎలా అవుతుంది?”

“పైనున్నవాడు ఎలా చదివితే అలా ఉంటుంది. ఇప్పుడు మావాడు గోడ చదువుతున్నాడు. గోడ చదివితే ఏదైనా గోడలాగే ఉంటుంది.”

గోడ అంటే అతని జంట మెకానిక్. గొంతులో ఎత్తుపల్లాలు లేవని, బిడ్డ పుట్టాడన్నా బస్సు రాలేదన్నా ఒకేలా చెబుతాడని ఆ పేరు పెట్టారు. మంచివాడు. పలికేది నిమిషానికో మాటే అయినా, ఏ అక్షరమూ మింగడు.

“నీ పెళ్ళాం పనంతా గంగలో కలుస్తుంటే నీకు ఏదైనా ఒకటే,” అందామె.

“నేనలా అనలేదు.”

“అన్నావు. బూటుతో మాట్లాడుతూ అన్నావు.”

ఆ రాత్రి వాళ్ళింట్లో గిన్నెలు మామూలుకన్నా గట్టిగా మాట్లాడుకున్నాయి.

మర్నాడు ఆమె డైరెక్టరు గదిలోకి వెళ్ళి నిలబడే చెప్పింది. “నా సంతకం లేకుండా భాష మారదు. ఆ మాట మీకన్నా ముందున్న డైరెక్టరు రాసిచ్చారు. కొత్తదాన్ని ముందు మన టెస్టు షాఫ్టులో ఒప్పజెప్పించండి. అందులో నెగ్గితే సంతకం పెడతాను.”

“ఎవరు ఒప్పజెబుతారు?”

“నేను.”

డైరెక్టరు ఈసారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. “మీరు పైకప్పు ఎక్కుతారా?”

“నా మొగుడు ఎక్కుతుంటే ఎవరూ అడగలేదే.”

ఆ మాట అనేశాక ఆమెకే గుచ్చుకుంది. భాష తయారుచేసి ఇన్నేళ్ళయినా ఆమె ఎప్పుడూ పైకప్పు ఎక్కలేదు. ఎప్పుడూ చదివేవైపే ఉంది.

టెస్టు షాఫ్టు ఆఫీసు భవనం వెనక ఉంది. భర్త ఆమె నడుముకు బెల్టు బిగించి, కొక్కెం కడ్డీకి తగిలించి, గట్టిగా లాగి చూశాడు. ఇద్దరూ నిన్నటి నుంచీ మాట్లాడుకోవడం లేదు. “కాలు ఇక్కడ పెట్టు,” అన్నాడు. పెట్టింది. “చేతులు తాళ్ళకు తగలనీకు.” తగలనివ్వలేదు. బటన్ల పెట్టె ఆమె చేతిలో పెట్టి, తను పక్కనే, బ్రేకు మీట మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. “నీ పని నువ్వు చేసుకో. నేను దీన్ని వదలను,” అన్నాడు. షాఫ్టు తలుపులు దగ్గరకు లాగేశారు. వెలుతురు సన్నని గీతయి, గీత కూడా ఆరిపోయింది. ఇంత చీకటి అని ఆమె అనుకోలేదు. తడి ఇనుము వాసన. ఎక్కడో పైన గాలి గోడలను తడుముకుంటూ వెళుతోంది.

మొదట మేనకోడలు చదివింది, తన కొత్త రూపాన్ని. షరతు కుదరకూడదని క్యాబిన్ తలుపు కావాలనే తెరిచి ఉంచారు.

“బ్రేకు వదులు.”

ఆమె ఒప్పజెప్పి బ్రేకు వదిలింది. మేనకోడలి గొంతు షరతు దగ్గర కాస్త లేచింది, లోపలి ఆజ్ఞల దగ్గర మెట్లు దిగినట్టు కిందికి దిగింది, చిన్న విరామం తీసుకుని మళ్ళీ గడపలోకి వచ్చి నిలబడింది. “బ్రేకు పట్టు.” ఖాళీ వినిపించింది. ఆమె తడుముకోకుండా బ్రేకు పట్టింది.

ఆమె ఒళ్ళు మండిపోయింది. ఎంత బాగా చదివిందో. అలా చదవడం ఆ పిల్లకు నేర్పింది ఎవరు? చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కామా దగ్గర ఊపిరి తీసుకోవే, చుక్క దగ్గర ఆగవే అని వెంటపడింది ఎవరు?

“అర్థమైందా మేడమ్?” వాకీటాకీలో మేనకోడలు అడిగింది. గొంతులో నెగ్గిన వెచ్చదనం దాచుకోలేకపోయింది.

“అర్థమైంది. నువ్వు లే. గోడను కూర్చోబెట్టు.”

“ఎందుకు?”

“ప్రతి షాఫ్టు పైనా నువ్వుంటావా?”

గోడ కూర్చున్నాడు. కొత్త రూపాన్నే చదివాడు. “బ్రేకు వదులు.” వదిలింది. “తలుపు మూసి ఉందా.” లేదు. “బరువు హద్దులో ఉందా. పైకి. బ్రేకు పట్టు.” అక్షరాలన్నీ సమానంగా, పలకలు పరిచినట్టు వచ్చాయి. గుర్తున్నదాన్ని బట్టి కాదు, విన్నదాన్ని బట్టే చెయ్యాలి. తలుపు మూసి లేదు కాబట్టి ఆమె చివరి బ్రేకుతో సహా అవన్నీ వదిలేసి తర్వాతి మాట కోసం చూసింది. వినడంలో తప్పేమీ లేదు. ప్రతి మాటా శుభ్రంగా వినిపించింది. బటన్ల మీద వేళ్ళు ఖాళీగా ఉన్నాయి. పాదాల కింద క్యాబిన్ నిద్రలో పక్కకు ఒత్తిగిల్లిన మనిషిలా కదిలింది. బ్రేకు లేని ఖాళీ క్యాబిన్‌ను తాళ్ళ అవతలి చివర ఉన్న బరువు మెల్లగా పైకి లాగుతోంది. తల మీది దీపం దగ్గరకు రావడం మొదలుపెట్టింది.

భర్త మీట నొక్కాడు. క్యాబిన్ ఒక్కసారి వణికి ఆగింది.

వాకీటాకీలో మేనకోడలి గొంతు చాలా చిన్నగా వచ్చింది. “అత్తా?”

“బానే ఉన్నాం,” అన్నాడు భర్త.

ఆమె కడ్డీ గట్టిగా పట్టుకుంది. కానీ లోపల కోపం సుఖంగా కాళ్ళు చాపుకుంది. చెప్పాను కదా అని ఎంతమందితో ఎన్ని రకాలుగా అనవచ్చో లెక్కలు వేసుకుంటోంది. “ఇప్పుడు పాతది చదువు. నాది,” అంది గోడతో. విజయాన్ని పూర్తిగా వినాలనిపించింది.

గోడ చదివాడు. ఈసారి ఇంకా పొడుగు ముక్క. తలుపు సంగతి, దాని లోపల బరువు సంగతి, దాని లోపల వేగం సంగతి. ఒక్కొక్క ‘ఐతే’కూ ఆమె తల ఊపుతూ ఒప్పజెప్పింది. తన మాటలు తన చెవిలోకి తిరిగి రావడం బాగుంది. లోపలి ఆజ్ఞలు వచ్చాయి. తర్వాత గోడ అదే సమతలమైన గొంతుతో చదివాడు.

“అంతే. అంతే. కిందికి. అంతే.”

ఆమె ఆగిపోయింది.

ఏది అంతే? వేగం సంగతి అయిపోయింది, సరే. తర్వాతిది బరువుదా? అయితే ఈ ‘కిందికి’ ఇంకా తలుపు షరతు లోపలే ఉందా, బయటికి వచ్చేసిందా? మధ్యలో ఇంకో ‘ఐతే’ ఏదైనా మొదలైందా? చీకట్లో వెనక్కి తిరిగి లెక్కపెట్టుకోబోయింది. మొదటి మాటలు అప్పటికే కరిగిపోయాయి. కాగితం మీద తను రాసుకున్నప్పుడు, బల్ల దగ్గర తను చదివినప్పుడు ప్రతి ‘అంతే’కూ ఒక ముఖం ఉండేది. ఇక్కడ అన్నీ ఒకేలాంటి మూసిన తలుపులు.

“ఒప్పజెప్పండి మేడమ్,” అన్నాడు గోడ.

ఆమె ఒప్పజెప్పలేదు. పక్కకు తిరిగి, కనిపించని భర్త ముఖం వైపు, “నీకిది ఎలా తెలుస్తుంది?” అంది.

“ఒక్కోసారి తెలియదు,” అన్నాడతను. “మళ్ళీ చదవమంటాను. రెండోసారీ తెలియకపోతే, అంతకుముందు ఏం చేశామో దాన్నిబట్టి చేస్తాను.”

“ఎప్పటి నుంచి?”

“గోడ వచ్చినప్పటి నుంచి. అంతకుముందు ఉన్నాయనతోనూ కొంచెం ఉండేది.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదే.”

“ఏం చెప్పను. నువ్వు చదివితే ఇట్టే అర్థమయ్యేది. వాళ్ళు చదివితే అయ్యేది కాదు. భాష బాగానే ఉంది, నా బుర్రే మందగిస్తోంది అనుకున్నా. నీతో అంటే నువ్వు కంగారుపడి నన్ను షాఫ్టులోకి వెళ్ళొద్దంటావు.”

ఆమె కోపానికి అప్పటిదాకా చిరునామాలు ఉండేవి. డైరెక్టరు, మేనకోడలు, అరచేయంత తెర, కుడివైపు పేజీ. ఇప్పుడు అవన్నీ ఒక్కసారిగా చెరిగిపోయి, కోపం తిరిగి తిరిగి ఆమె గుమ్మంలోనే వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళు ఈ మనిషి ఈ చీకట్లో, తల మీదికి వచ్చే ఇనుము కింద నిలబడి, తప్పు తనదే అనుకున్నాడు. ఎందుకంటే భాష పెళ్ళానిది. తన గొంతుతో రుచి చూసి ఉప్పు సరిపోయిందనుకుంది తను. ఇంకెవరి నోట్లోనూ పెట్టి చూడలేదు.

“నీ బుర్రకేం కాలేదు,” అంది. గొంతు అంత చిన్నగా ఉండటం అతను ఎప్పుడూ వినలేదు. “ఇంకెప్పుడూ ఆ మాట అనకు. అన్నావంటే ఊరుకోను.”

బయటికి వచ్చేసరికి తలుపు దగ్గర డైరెక్టరు, మేనకోడలు నిలబడి ఉన్నారు. మేనకోడలి చేతిలో వాకీటాకీ ఇంకా ఉంది.

“తేలిందా?” అన్నాడు డైరెక్టరు. “ఎవరిది నెగ్గింది?”

“నాది వెనక్కి తీసుకుంటున్నాను,” అంది మేనకోడలు. అంటూనే అత్త వైపు తిరిగింది. ఆ పిల్ల కళ్ళలోనూ కోపమే. “కానీ మీది బాగుందని కాదు. వాకీటాకీలో అంతా విన్నాను. మామయ్య మాటా విన్నాను.”

“నాదీ వెనక్కి తీసుకుంటున్నా,” అందామె.

డైరెక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అంటే ఏ భాషా లేదా? కొనేవాళ్ళకు నేనేం చెప్పాలి?”

“ఇది తేలేదాకా షాఫ్టులోకి ఎవరూ దిగరని చెప్పండి. కొత్త కోడ్ ఏదీ ఎక్కదని చెప్పండి.”

“ఎంతకాలం?”

“మీరిలా అడ్డంగా నిలబడకపోతే తొందరగానే.”

ఆయన ఆమె భర్త చేతిలో ఉన్న కొక్కేన్ని ఒకసారి చూసి, ఫోను తీసుకుంటూ వెళ్ళిపోయాడు.

మీటింగ్ గదిలో తెర ఆపేసి బోర్డు ముందు నిలబడ్డారు అత్తా మేనకోడళ్ళు. ఆమె రాసింది: ‘తలుపు సంగతి అంతే’. ‘బరువు సంగతి అంతే’. దేన్ని మూస్తున్నామో దాని పేరు పెట్టి మూయడం.

“పొడుగైపోయింది,” అంది మేనకోడలు. “నా తెరలో పట్టదు. పైగా ఎవరైనా తలుపు మూయబోయి బరువును మూస్తే?”

“అప్పుడు యంత్రమే ఒప్పుకోకుండా ఆగాలి. తప్పని చెప్పాలి. ఇప్పుడది నోరు మూసుకుని ఏ ‘అంతే’ అయినా మింగేస్తోంది.”

“అది సరే. కానీ షరతు లోపల షరతు, దాని లోపల షరతు ఎందుకు రానివ్వాలి అసలు? రెండోసారి లోపలికి వెళ్ళాల్సి వస్తే దాన్ని వేరే ముక్కగా రాయమనండి. పేరు పెట్టి పిలవమనండి. అప్పుడు తెరలోనూ పడుతుంది, చెవిలోనూ పడుతుంది.”

“రాసేవాళ్ళకు చాకిరీ పెరుగుతుందే.”

“రాసేవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు అత్తా.”

ఆమెకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. బాగా తగిలింది. సుద్దముక్క మేనకోడలి చేతిలో పెట్టింది. “రాయి మరి. నోటితో అనడం తేలికే.”

గోడ బోర్డుకు ఎదురుగా కూర్చున్నాడు. భర్తను బోర్డుకు వీపు పెట్టి, గోడ వైపు ముఖం తిప్పి నిలబెట్టారు. మేనకోడలు రాసింది, ఆమె చెరిపింది, మేనకోడలు ఆమె చేతిలోంచి డస్టరు లాక్కుని మళ్ళీ రాసింది. ఒక మాట గురించి ఇద్దరూ పెద్దగానే పోట్లాడుకున్నారు. పక్క గదిలోవాళ్ళు వచ్చి తలుపులోంచి తొంగిచూసి వెళ్ళారు. చివరికి ఏదో ఒకటి బోర్డు మీద నిలబడింది. చూడటానికి ఇద్దరికీ నచ్చలేదు.

“చదువు,” అందామె.

గోడ చదివాడు, ఎప్పటిలాగే, పలక పక్కన పలక. భర్త ఒప్పజెబుతూ వచ్చి, సగంలో ఆగిపోయాడు. ఆమె అతని వీపు వైపే చూస్తోంది. చొక్కా మీద బెల్టు ఒత్తిన గీత ఇంకా ఉంది. మామూలుగా అయితే అతను ఇలాంటి చోట గొంతు సవరించుకుని, ‘మళ్ళీ ఒకసారి చదువు’ అనేవాడు, తప్పు తనదైనట్టు.

“నాకు అర్థం కాలేదు,” అన్నాడు. గట్టిగానే అన్నాడు. “బాగా రాయండి.”

ఆమె డస్టరు తీసుకుని బోర్డంతా తుడిచేసింది.